ఆరు నుంచి ఎనిమిదిన్నర

పదకొండో ఇంటి యజమాని ఆదివారం పొద్దున వాకిట్లో నిలబడి, తలుపు తట్టకుండా గొంతు సవరించుకున్నాడు. అది ఎలాంటి సవరింపో గంగాధరప్పకు తెలుసు. ఇరవై ఎనిమిదేళ్ళ కాపురంలో అనంతపురంలోనే పది ఇళ్ళు మారినవాడికి, ఇంటాయన నోరు తెరవకముందే సంగతి అర్థమవుతుంది.

"మావోనికి పెండ్లి కుదిరినాది గంగాధరప్పా. కార్తీకం లోపల మీరు యాడన్నా చూసుకోవాల."

"అట్నేలే అన్నా."

కోపం రావలసిన చోట అలసట వచ్చి కూర్చోవడం ఎప్పటినుంచి మొదలైందో అతనికి గుర్తు లేదు. లోపలికి వచ్చేసరికి భార్య అంజనమ్మ పొయ్యి ముందు అలాగే కూర్చుని ఉంది. అంతా వినే ఉంటుంది.

"మళ్ళా మూటలు కట్టల్లనా?" అంది. "ఆ మేడలన్నా బిర్రున లేస్తే, ఇదే కడసారి అనుకుందును."

మేడలంటే నగరపాలక సంస్థ తలపెట్టిన అద్దె ఇళ్ళు. ఊరికి దక్షిణాన చేనేత కాలనీ పక్కన ఉన్న నాలుగెకరాల సర్కారు బయల్లో, ఎనిమిదేసి అంతస్తుల బ్లాకులు నాలుగు. కట్టేది ఒక కంపెనీ. అమ్మకం లేదు, అన్నీ బాడుగకే. రెండు వేల ఏడో సంవత్సరం అది. వరుసగా వానలు ముఖం చాటేసి, శింగనమల వైపు నుంచి, ఇంకా అవతలి పల్లెల నుంచి జనం బస్సులెక్కి వచ్చి, ఒక్కో గదిలో ఆరేడుగురు సర్దుకుంటున్న రోజులు. ఇళ్ళు కావాలి. అందులో అబద్ధం లేదు. పదింట ఒక ఇల్లు సంస్థ ఉద్యోగులకు. ఆ జాబితా టౌన్ ప్లానింగ్ ఆఫీసరు దివాకర్ బల్ల మీద ఉంది. అందులో గంగాధరప్ప పేరు నాలుగోది.

అంజనమ్మ అప్పుడే అంతస్తు కూడా ఎంచుకుంది. "ఐదోది చాలు. గాలొస్తాది. గోడకు మేకు కొడితే అడిగేటోడు ఉండడు."

అడ్డం ఒక్కటే. నగర పటంలో ఆ బయలు ఖాళీ స్థలాలకు వేసే ఆకుపచ్చ రంగులో ఉంది. దాన్ని ఇళ్ళు కట్టుకునే పసుపులోకి మార్చాలి. మార్చాలంటే స్థలం చూసి నివేదిక రాయాలి. పటాలు గీసే ట్రేసరుగా దాన్ని రాయవలసింది గంగాధరప్పే. ఈలోగా పేపర్లో ప్రకటన చూసి చేనేత కాలనీ నుంచి ఒక అర్జీ వచ్చింది. కింద ముప్పై ఒక్క సంతకాలు, వేలిముద్రలు. పైన రెండే వాక్యాలు. 'అది ఖాళీ నేల కాదు. మా పడుగులు చాపుకునే బయలు.'

ఆ అర్జీ చదివినప్పుడు అతను ఆశ్చర్యపోలేదు. తొమ్మిదేళ్ళుగా అలాంటి కాగితం ఒకటి వస్తుందని లోపల ఎక్కడో ఎదురుచూస్తూనే ఉన్నాడు.

తొంభై ఎనిమిదిలో నగర పటం కోసం ఆ బయలు కొలిచింది అతనే. వైశాఖం, పగలు పదకొండు గంటలు. మనిషన్నవాడు లేడు. రెండు చివరలా రెండేసి రాతి గుంజలు మాత్రం పాతి ఉన్నాయి. నడుం ఎత్తులో తాడు రాసుకుని రాసుకుని ఆ రాళ్ళు నున్నబడ్డాయి. చూడగానే అర్థమైంది. అతను పుట్టింది ధర్మవరంలో మగ్గం గుంట పక్కన. నాయన పడుగు చాపుతుంటే రెండో చివర పట్టుకుని నిలబడిన చేతులు అతనివి. మగ్గం మీద నిలువునా నడిచే నలభై గజాల పట్టు దారాల్ని ఇంట్లో ఎవరూ చాపలేరు. బయట చాపి, గంజి పట్టించి, తెగిన పోగులు అతికి, ఎండ ముదిరేలోపు చుట్టేయాలి. పొద్దున ఆరింటి నుంచి ఎనిమిదిన్నర దాకా అది పనిచేసే చోటు. ఆ తర్వాత ఉత్త నేల.

అంతా తెలిసి కూడా పుస్తకంలో 'ఖాళీ స్థలము' అని రాశాడు.

ఎందుకు రాశాడో తనలో తాను చాలాసార్లు తవ్వి చూసుకున్నాడు. రెండున్నర గంటలు మాత్రమే బతికే నేలకు పటంలో రంగు లేదు. అది నిజమే. కానీ అది పైపొర. దాని కింద ఇంకొకటి ఉంది. ఆఫీసులో అప్పటికింకా ఎవరికీ తను మగ్గం ఇంటివాడినని చెప్పలేదు. పడుగు గురించి నాలుగు మాటలు రాస్తే తన చెయ్యి బయటపడుతుందనిపించింది. ఎవరూ వెతకని దొంగ తనంతట తానే దాక్కున్నట్టు, ఆ మాట వెనక దాక్కున్నాడు.

మంగళవారం తెల్లవారగానే అతను బయలుకు వెళ్ళాడు. ఎర్ర పడుగు ఒకటి గుంజల మధ్య నలభై గజాలు బిగిసి ఉంది. దాని పొడవునా వెదురు కర్రలు. కాలనీ పెద్ద బాలప్ప గంజి కుంచె పట్టుకుని నడుస్తున్నాడు. అతని భార్య తిమ్మమ్మ వంగి తెగిన పోగులు వెతుకుతోంది.

"ఏమప్పా, మున్సిపాలిటీ సారు ఇంత పొద్దునే?" అన్నాడు బాలప్ప.

"గురువారం పదకొండింటికి మా ఆఫీసరు చూడను వస్తాడన్నా. ఆ పొద్దుకు ఒక పడుగు చాపి పెట్టండి. కండ్లతో చూస్తే నమ్ముతాడు."

బాలప్ప కుంచె ఆపాడు. "పదకొండింటికా? ఆ ఎండకు, ఆ గాలికి పట్టు నిలుస్తాదా? పుటుక్కు పుటుక్కున తెగిపోతాది."

"మీ సార్లనే ఆరింటికి రమ్మను," అంది తిమ్మమ్మ తలెత్తకుండా.

"ఆఫీసు తెరిచేది పదిన్నరకక్కా."

"మా ఎండను ఎనిమిదిన్నరకే తెరుస్తారు నాయనా. ఎవుర్ని అడగల్ల?" ఆమె తలెత్తి అతని చేతి వైపు చూసి నవ్వింది. "పదకొండింటికి పట్టు చాపమనేటోడు మగ్గం ఇంట్లో పుట్టినోడేనా?"

అతను కిందికి చూసుకున్నాడు. మాట్లాడుతూ మాట్లాడుతూనే, వేలాడుతున్న ఒక తెగిన పోగును బొటనవేలుకీ చూపుడువేలుకీ మధ్య పట్టి పురి పెడుతున్నాడు.

ఆ పగలు ఆఫీసులో దివాకర్‌ను అడిగాడు. దివాకర్ కోస్తా నుంచి బదిలీ మీద వచ్చినవాడు. చిన్నవాడు, మర్యాదస్తుడు.

"ఆరింటికి సైటా? గంగాధరప్ప గారూ, ఆరింటికి మా ఇంటికి పాలే రావండీ," అని నవ్వాడు.

గురువారం పదకొండింటికి జీపు బయలు అంచున ఆగింది. గంగాధరప్ప దిగి, ముందుకు చూసి, అక్కడే నిలిచిపోయాడు.

బయలంతా ఊడ్చి ఉంది. ఒక్క వెదురు కర్ర లేదు, గంజి బాన లేదు, తాడు ముక్క లేదు. దుమ్ము లేవకుండా నేలంతా నీళ్ళు చల్లారు. నడిమధ్య నాలుగు కుర్చీలు, దుప్పటి పరిచిన బల్ల, దాని మీద మజ్జిగ గ్లాసులు. కాలనీ వాళ్ళు ఉతికిన బట్టలు కట్టుకుని ఒక పక్కగా నిలబడి ఉన్నారు. పెళ్ళివారి కోసం ఎదురుచూసేవాళ్ళలా ఉన్నారు.

"ఏందన్నా ఇది?" అన్నాడు బాలప్ప దగ్గరికి పోయి, గొంతు తగ్గించి. "కర్రలన్నా ఉండనీకపోతిరే!"

"సార్లొస్తాంటే చెత్తా చెదారం పెట్టుకోని నిలబడతామా అప్పా? ఏమనుకుంటారు?" బాలప్ప ముఖంలో కాస్త గర్వం కూడా ఉంది.

దివాకర్ మజ్జిగ తాగి, బాగుందన్నాడు. చుట్టూ చూశాడు. "చాలా నీట్‌గా ఉందండీ. కానీ ఇక్కడ ఏముంది? అర్జీలో పడుగులన్నారు."

బాలప్ప చెప్పాడు. రాతి గుంజలు చూపించాడు. వాళ్ళ నాయనల కాలం నుంచి చెప్పాడు. దివాకర్ ఓపికగానే విన్నాడు.

"పొద్దున పూట వాకింగ్‌కి కూడా జనం వస్తారు కదా. దాన్ని వాడకం అనలేం. అవతల ఇళ్ళు లేక జనం ఎట్లా ఉన్నారో మీకూ తెలుసు."

తిమ్మమ్మ గిరుక్కున తిరిగి ఇంట్లోకి పోయింది. వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో మంగళవారం నాటి ఎర్ర పడుగు, ఉండ చుట్టినది, ఉంది. ఎవరివో పెళ్ళి చీరల కోసం సిద్ధం చేసినది.

"పట్టండ్రా," అంది.

"వద్దే. చెడిపోతాది," అన్నాడు బాలప్ప.

"వద్దంటే నేలే పోతాది. పట్టు!"

ఆరుగురు పట్టుకున్నారు. ఎర్ర దారం గుంజ నుంచి గుంజకు సాగింది. పైన ఎండ నిప్పులు చెరుగుతోంది. పడమటి గాలి ఎప్పటిలాగే నేల బారున వచ్చి దారాన్ని పైకీ కిందికీ ఊపింది.

దివాకర్ ఒక నిమిషం చూశాడు. అతని ముఖంలో విసుగు లేదు, కొంచెం జాలి ఉంది. "మేం వచ్చామని ఇప్పుడు వేశారు. తెలుస్తూనే ఉంది కదండీ," అని జీపు వైపు నడిచాడు.

తొమ్మిదేళ్ళ కిందట ఉన్నదాన్ని లేదని రాసినప్పుడు ఎవరూ అనుమానించలేదు. ఇవాళ ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిస్తే నాటకంలా ఉంది. గంగాధరప్ప ఆ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూసుకుంటూ ఉండగానే మొదటి పోగు తెగింది. చిన్న చప్పుడు. ఇంకెవరైనా అయితే వినపడేది కాదు. తర్వాత రెండోది. తర్వాత గాలికి ఒకేసారి నాలుగైదు.

"గంగాధరప్ప గారూ, వస్తున్నారా?"

"మీరు పోండి సార్. నేను ఆటోకొస్తా."

అతను చెప్పులు విడిచి పడుగు పక్కన గొంతుక్కూర్చున్నాడు. తెగిన కొస వెతికాడు. రెండు కొసలూ కలిపి, వేళ్ళు నాలుకకు తడి చేసుకుని పురి పెట్టాడు. మొదటిది జారిపోయింది. రెండోది నిలిచింది. వాళ్ళు ఆ చివర నుంచి గబగబా చుట్టుకుంటూ వస్తుంటే, అతను ఈ చివర నుంచి అతుకుతూ పోయాడు. కాళ్ళు తిమ్మిరెక్కాయి. చొక్కా వీపుకు అంటుకుంది.

చుట్టడం అయ్యాక తిమ్మమ్మ అతను అతికిన పోగుల్ని వేలితో తడిమి చూసింది. "ఇన్నేండ్లు పెన్సిలు పట్టినా మర్సిపోలేదే," అంది. "ముడి మాత్రం మొద్దుగా పడినాది."

సాయంత్రం ఆఫీసులో ఫారం ముందు పెట్టుకున్నాడు. ప్రస్తుత వినియోగం అన్న గడి చిన్నది. అందులో పట్టదని తెలిసి, పక్క అంచులోకి రాసుకుంటూ పోయాడు. 'ప్రతిదినము ఉదయం ఆరు నుండి ఎనిమిదిన్నర వరకు చేనేత పడుగులు చాపుటకు వాడుకలో కలదు. 1998 సర్వేలో ఖాళీ స్థలమని వ్రాసినది నేనే. అప్పుడు తెలిసియే తప్పు వ్రాసితిని.' కింద సంతకం చేశాడు.

దివాకర్ రెండుసార్లు చదివాడు.

"ఈ చివరి ముక్క ఎందుకండీ? ఎవరడిగారు?"

"ఎవురూ అడగలే సార్."

"ఇది పైకి వెళ్తే ముందు మీకే మెమో వస్తుంది. మెమో ఉన్నవాళ్ళ పేరు ఆ లిస్టులో ఉంచలేను. అసలు లిస్టే ఉండకపోవచ్చు."

"తెలుసు సార్."

దివాకర్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. "మీకుండటానికే ఇల్లు లేదు. మీలాంటి వాళ్ళ కోసమే కదండీ ఇవి."

గంగాధరప్ప ఫారం అక్కడే వదిలి బయటికి వచ్చాడు. నిజం రాస్తే గుండె మీద బరువు దిగుతుందని ఎవరో ఎప్పుడో అన్నట్టు గుర్తు. దిగలేదు. తొమ్మిదేళ్ళు మోసిన బరువు చోట ఇంకో బరువు వచ్చి కూర్చుంది. దానికి ఒక గదిలో ఏడుగురు పడుకునే కుటుంబాల ముఖాలున్నాయి, అంజనమ్మ ఎంచుకున్న ఐదో అంతస్తు ఉంది. తేడా ఒక్కటే. ఈ బరువును ఎవరికీ కనపడకుండా దాచుకోనక్కర్లేదు.

రెండు నెలలకు పైనుంచి కాగితం వచ్చింది. నివేదికలో చెప్పిన వేళకే వెళ్ళి స్థలాన్ని మళ్ళీ తనిఖీ చేయవలెనని. ఆ వేళకు లేచే ఆఫీసరు ఎవరూ దొరకలేదు. ఫైలు తాడు కట్టుకుని బీరువాలో పడింది. కంపెనీ వాళ్ళు వేరే ఊళ్ళో నేల చూసుకుంటున్నారని కొందరు, వచ్చే ఏడు మళ్ళీ పైకి తీస్తారని కొందరు అన్నారు. మెమో మాత్రం ఆలస్యం కాకుండా వచ్చింది.

కార్తీకంలో పన్నెండో ఇంటికి సామాను దింపారు. రెండు చిన్న గదులు, వెనకవైపు వాటా. సంగతి తెలిసిన రోజు నుంచి అంజనమ్మ అవసరానికి తప్ప అతనితో మాట్లాడలేదు. కొత్త ఇంటామె వాకిట్లో నిలబడి పద్ధతులు చెప్పింది. గోడలకు మేకులు కొట్టకూడదు. నీళ్ళు దినం విడిచి దినం, నాలుగు బిందెలు.

ఆమె పోయాక అంజనమ్మ క్యాలెండరు చేతిలో పట్టుకుని చాలాసేపు గోడ వైపు చూసింది. చివరికి దాన్ని కిటికీ చువ్వకు తగిలించింది.

"ఆ పొద్దు బయలంతా నీళ్ళు సల్లినారంటివే, సార్లొస్తారని," అంది వెనక్కి తిరక్కుండానే. "ఎన్ని బిందెలు సల్లినారు?"

"నేను చూడలే."

"బయలు ఎంత పొడుగు?"

"గుంజకూ గుంజకూ నలభై గజాలు. అవతలా ఇవతలా ఇంకా ఉండాది."

ఆమె మనసులో లెక్క వేసుకుంది. "ఎనిమిది బిందెలన్నా పోసింటారు," అంది. "వాళ్ళకూ దినం విడిచి దినమే గదా నీళ్ళు."

"అవును."

"పిచ్చి నాయాండ్లు," అంది అంజనమ్మ. ఆ మాటలో కోపం ఎంతో, ఇంకేమన్నా ఎంతో అతను తేల్చుకోలేకపోయాడు. ఆమె ఖాళీ బిందెలు రెండు చంకనెత్తుకుని, కొళాయి ఎక్కడుందో చూడటానికి బయటికి నడిచింది. మిగిలిన రెండూ అతను తీసుకున్నాడు.