తాడు పట్టే చెయ్యి

హలో, వినపడుతోందా అండీ? అందరూ కులాసాయేనా? చేతిలో పనుంటే ముగించుకునే రండి, తొందరేం లేదు. మధ్యలో మాత్రం ఫోను పెట్టెయ్యకండి. ఇది బావుల్లో, ట్యాంకుల్లో పూడిక తీసే ఒక మనిషి కథ. పేపర్లోకెక్కిన మనిషి కాదు, ఎక్కాలనుకున్న మనిషీ కాదు.

పొద్దున్నే గుమ్మంలో కూర్చుని రాగయ్య తాడు తడుముతున్నాడు. కళ్ళు మూసుకుని, మూరమూరా వేళ్ళ మధ్య నుంచి జారనిస్తున్నాడు. ఎక్కడైనా ఒక్క పోగు తెగితే కంటికి కనబడదు, వేలికి తగులుతుంది. అతని అరచేతులు తాబేటి డిప్పల్లా గట్టిపడిపోయాయి కానీ వేళ్ళ కొసలు మాత్రం ఇంకా మెత్తగానే ఉన్నాయి. వాటిని కాపాడుకోవడం కోసం పలుగూ పారా పట్టేటప్పుడు గుడ్డ చుట్టుకుంటాడు.

వెనక నుంచి అమ్మ వచ్చి మెడ మీద నూనె చుక్క వేసి రుద్దింది. ఎండ తగిలితే అతని మెడ మిరపపండులా ఎర్రబడిపోతుంది. వీధిలో ఇంకెవరికీ అట్లా కాదు.

"టీ చల్లారిపోతోంది. ఆ తాడుకి తాళి కట్టెయ్యరా, ఓ పనైపోతుంది."

"అది ఒప్పుకోవద్దూ? నీతో కాపురం చెయ్యలేనంది."

"నోరు చూడు, అచ్చం మీ నాన్న నోరే," అని అమ్మ నెత్తి మీద ఒక్కటి మొట్టింది.

ఆ నాన్న అతన్ని కన్నవాడు కాదు. అమ్మా కన్నది కాదు. ఎక్కడో దూరదేశం నుంచి రోడ్డు పనికొచ్చిన గుంపులో ఒకామె జ్వరంతో పోతే, పక్కన ఏడుస్తున్న పసిగుడ్డుని ఈవిడ ఎత్తుకొచ్చి తన కూతురితో పాటు పాలిచ్చింది. రాగి తీగల్లాంటి జుట్టు, మొహమంతా గోధుమరంగు చుక్కలు, నీళ్ళు కలిపినట్టుండే కళ్ళు. పూడిక ముఠాకి పెద్దమేస్త్రీ అయిన ఆమె భర్త ఆ జుట్టు చూసి రాగయ్య అన్నాడు. అదే పేరైంది. ఇప్పుడు యాభై దగ్గరపడ్డాయి, చెవుల దగ్గర రాగికి కళాయి పూసినట్టు తెల్లబడింది.

దారిలో కొత్తగా ఎవరైనా కనబడితే ఆగి, గొంతు పెంచి, ఒక్కొక్క మాటే అడుగుతారు. "నీకు... మా మాట... వస్తుందా?"

"వస్తుందన్నా. నువ్వింత ఆగాగి మాట్లాడితేనే అర్థం కావట్లేదు," అంటాడు రాగయ్య.

నవ్వి ఊరుకునేవాళ్ళు కొందరు. అతని పెళ్ళి సంబంధానికి వెళ్ళినప్పుడు మాత్రం ఎవరూ నవ్వలేదు. "పిల్లాడు బంగారమే, పుట్టేవాళ్ళు ఏ రంగులో పుడతారో" అన్నారు. బంగారాన్ని అట్లాగే వాకిట్లో నిలబెట్టి పంపేశారు. మళ్ళీ ఇంకో గడప తొక్కనన్నాడు రాగయ్య.

అతని పని బావి పైన తాడు పట్టడం. ముఠాలో ఆ పని అందరికీ ఇవ్వరు. కిందికి మనిషి దిగాక తాడు పట్టినవాడు కూర్చోకూడదు. పక్కవాడితో మాట్లాడకూడదు. తాడుని దేనికీ కట్టకూడదు, చేతిలోనే ఉండాలి. కిందున్నవాడు ఉండుండి ఒకసారి లాగుతాడు, బాగున్నానని. పైవాడు ఒకసారి లాగి, విన్నానని చెప్తాడు. వరసగా లాగితే పైకి తియ్యమని. అసలు లాగకపోతే, ఇంకేం ఆలోచించకుండా పైకి తియ్యాలని. చీకట్లో, బురదలో, గాలి ఆడని చోట మనిషికి అదొక్కటే ధైర్యం. పైన ఒక చెయ్యుంది.

చిన్నప్పుడు నాన్నని అడిగాడు, ఇదంతా మన తాతలు పెట్టిన పద్ధతా అని.

"నాకు పుట్టుకతో వచ్చిందైతే, నేర్చుకోడానికి నా తాడు మీద రెండు చావులెందుకు పట్టాయిరా?" అన్నాడు పెద్దమేస్త్రీ. తర్వాత మొహం అటు తిప్పుకున్నాడు.

ఆ పెద్దాయన కిందటేడు పోయాడు. ముఠా అల్లుడి చేతికొచ్చింది, అంటే రాగయ్యకి బావ. మంచివాడే. కానీ ఈ మధ్య సాయంత్రాలు మీటింగులకి పోతున్నాడు. అక్కడ మైకు పట్టుకుని ఒకాయన చెప్తాడు: మన సంస్కారం మన రక్తంలో ఉంది, పరాయి జాతి వాడికి ఎన్నేళ్ళు నేర్పినా రాదు, మన నమ్మకాన్ని పరాయి చేతిలో పెట్టకండి. వినడానికి బాగుంటుంది. ఏ పనీ చెయ్యకుండానే గొప్పవాళ్ళయిపోవచ్చు కదండీ, పుడితే చాలు!

ఆ రోజు పని బట్టలకి రంగులద్దే ఫ్యాక్టరీలో. వెనకవైపు పాత బావి, ఏళ్ళ తరబడి పూడిపోయింది. రాగయ్య వెళ్ళేసరికి బావ గట్టు మీద ఉన్నాడు, పక్కనే కొత్త చొక్కా వేసుకుని బావ తమ్ముడు. ముఠాలో చేరి నెల కాలేదు.

"రాగీ, ఇవాళ నువ్వు దిగు. తాడు తమ్ముడు పడతాడు."

"దిగే వంతు బక్కోడిది కదా బావా?"

"వాడు బకెట్లు మోస్తాడు. ఓనరుగారు మీటింగు మనుషుల్ని తీసుకొస్తున్నారు. తాడు దగ్గర మనవాళ్ళు కనబడాలి."

"మనవాళ్ళంటే ఎవరు బావా? మా నాన్నేమైనా లేచొస్తున్నాడా?"

"వెటకారం వద్దు. నేనేమంటున్నానో నీకు తెలుసు."

"తెలుసు. నీ నోట విందామని."

బావ గొంతు తగ్గించాడు. "నిన్ను తక్కువ చేస్తున్నానా? ఒకే కంచంలో తిన్నాం. కానీ కొన్ని పుట్టుకతో రావాల్రా. మీవాళ్ళకుండేవి మీవాళ్ళకుంటాయి."

"మావాళ్ళల్లో నాకు తెలిసింది మీ అత్తగారొక్కతే బావా."

పక్కనే వింటున్న బక్కోడు, ముఠాలో చిన్నవాడు, బకెట్టు కింద పడేశాడు. "రాగన్న తాడు పడితే నేను దిగుతా. ఇతను పడితే ఎవరూ దిగరు."

"దిగనోళ్ళు రేపట్నుంచి రావద్దు," అన్నాడు బావ. "రాగిగాడు దిగకపోతే నువ్వే దిగుతావు. లేదా ఇంటికి పో."

బక్కోడి భార్య నిండు నెలల మనిషి. వాడు ఇంటికి పోడు. రాగయ్య కాదంటే ఆ తాడుకి వేలాడేది వాడే. రాగయ్య చొక్కా విప్పి గట్టు మీద పెట్టాడు. కింద గాలి బాగుందో లేదో తెలియడానికి దీపం దించి చూశారు, అడుగు దాకా వెలిగే ఉంది. బురద కదిలిస్తే కిందున్న గాలి ఎట్లా మారుతుందో దీపం చెప్పదు, తాడే చెప్పాలి.

నడుముకి ముడి వేసుకుంటూ రాగయ్య, బావ తమ్ముణ్ణి దగ్గరికి పిలిచాడు.

"తమ్ముడూ, చెయ్యి ఇట్లా ఇవ్వు. ఎట్లా పట్టుకోవాలో ఒక్కసారి చూపిస్తా. వదులుగా..."

అతను చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. "నువ్వు నాకు నేర్పేదేంటి? ఇది మా తాతల పని. మా ఒంట్లోనే ఉంది."

"ఉంటే మంచిదే. కూర్చోకు, మాట్లాడకు, దేనికీ కట్టకు. ఈ మూడూ మీ తాత చెప్పాడనుకో."

"సరేలే, దిగు."

కింద నడుముదాకా బురద. నీలం, ఎరుపు కలిసి కుళ్ళిన వాసన. రాగయ్య బకెట్టు నింపి వేరే తాడుతో పైకి పంపాడు, ఇంకోటి నింపాడు. ఒకసారి లాగాడు. పైనుంచి జవాబొచ్చింది. పర్వాలేదే అనుకున్నాడు. పార అడుగుకి తగిలి బుడగలు లేచాయి. గొంతు మండింది. మళ్ళీ లాగాడు.

తాడు గట్టిగా ఉంది. సాగలేదు, వంగలేదు, ఊపిరి లేదు.

మనిషి చేతిలో ఉన్న తాడు వేరు, ఇనుముకి కట్టిన తాడు వేరు. ఆ తేడా ఈ భూమ్మీద ఎవరికైనా తెలుసంటే అతనికే తెలుసు. కట్టేశాడు, అనుకున్నాడు రాగయ్య. వరసగా లాగాడు. అరిచాడు, అరుపు గోడలకి తగిలి మళ్ళీ తన మీదే పడింది. పైన గుండ్రటి వెలుతురులో ఒక్క తలా లేదు. కాళ్ళు తేలికైపోయాయి. అమ్మకి మందులు తీసుకెళ్ళాలని గుర్తొచ్చింది. గోడకి వీపు ఆనించాడు, ఎండలో అలిసినవాడు నీడకి చేరినట్టు, మెల్లగా కిందికి జారాడు.

పైన బావ తమ్ముడు తాడుని గట్టు పక్కనున్న నీళ్ళ మోటారు ఇనప కాలికి రెండు చుట్లు చుట్టి, మీటింగు వాళ్ళతో ఫోటోకి నిలబడ్డాడు. "తరతరాల నమ్మకం వీళ్ళది" అని ఓనరు చెప్తున్నాడు. ఆ మాటకి అందరూ చప్పట్లు కొట్టారు. దూరంగా బురద పారబోసి తిరిగొచ్చిన బక్కోడు గట్టు దగ్గర మనిషి లేకపోవడం చూసి కేకేశాడు. అందరూ కలిసి లాగారు. రాగయ్య పైకొచ్చాడు, మొహం మీద చుక్కలేవీ కనబడకుండా నీలంరంగు బురద. బక్కోడు తన చొక్కాతో ఆ మొహం తుడిచాడు. ఊపిరి లేదు.

సాయంత్రం బావ ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"జారిపడ్డాడత్తయ్యా."

"అబద్ధం!" అన్నాడు వెనకనున్న బక్కోడు. "తాడు మోటారుకి కట్టి ఫోటో దిగడానికి పోయాడమ్మా వీళ్ళ తమ్ముడు."

అమ్మ ఏడవలేదు. అల్లుణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. బావ తల దించుకునే ఇంకో మాట కూడా అనేశాడు, చెప్పి పంపిన మాట కాబట్టి: "మన శ్మశానంలో వద్దంటున్నారత్తయ్యా మీటింగువాళ్ళు. వాడి వాళ్ళెవరో వెతికి, వాళ్ళకి అప్పజెబితే..."

"వెతికావుగా, దొరికాను. అప్పజెప్పు."

"అత్తయ్యా, అది కాదు..."

"ఏది కాదురా? తాడు పట్టడం వాడికి మీ మావయ్య నేర్పాడు, వాడు నేర్చుకున్నాడు. నీ తమ్ముడు మన రక్తమేగా? ఆ రక్తం పొద్దున్న ఎక్కడికి పోయింది, ఫోటోలోకా? మీ మావయ్య పక్కన నాకని వదిలిన చోటుంది కదా, అక్కడ పెట్టండి నా కొడుకుని. అడ్డొచ్చినవాణ్ణి నా ముందు నిలబెట్టు."

ఎవరూ రాలేదు. మైకులో అంతలేసి మాటలన్నవాళ్ళు ఒక ముసలామె ముందుకి ఒక్కడూ రాలేదు. ముఠా అంతా కలిసి మోసింది. మర్నాడు బావ పిలిస్తే ఒక్కరు కూడా పనిలోకి పోలేదు. బావ తమ్ముడి ఫోటో మాత్రం ఫ్యాక్టరీ గేటు దగ్గర పెద్దది చేసి పెట్టారు. ఇప్పటికీ ఉంది.

కడుపు మండి చెప్తున్నానండీ. మీ ఇంట్లో గానీ, మీ గ్రూపులో గానీ ఎవరైనా "అది మన రక్తంలోనే ఉంది" అని ఛాతీ విరిస్తే, వాళ్ళకి ఈ కథ పంపండి. విననంటే పక్కన కూర్చుని మీరే చెప్పండి.

రాగయ్య ఇంట్లో కిటికీ మీద ఒక దువ్వెన ఉంది. తల్లీకొడుకులిద్దరికీ అదొక్కటే. అమ్మ దాన్ని ఎవరినీ కడగనివ్వదు. పళ్ళ మధ్య తెల్ల వెంట్రుకలూ, రాగి వెంట్రుకలూ, ఏది ఎవరిదో విడదియ్యడానికి రాకుండా చుట్టుకుని ఉన్నాయి.