అక్షరాల మధ్య ఎడం

ఆఫీసు నుంచి రాగానే రనీమ్ పుదీనా టీ కాచుకుని బాల్కనీలో కంప్యూటర్ ముందు కూర్చునేది. ఎదురు కొండ మీద ఎవరో పావురాలను తిప్పుతుంటే అమ్మాన్ నగరం మీది ఆకాశం ఓసారి నల్లగా, ఓసారి తెల్లగా మెరిసేది. ఏళ్లుగా ఆమె సాఫ్ట్‌వేర్ తెరలకు బొమ్మలు గీస్తోంది. వాటిని కోడ్‌గా కట్టేది పక్క బల్ల దగ్గరి హాజిమ్. ఆమె గీసిన గుండ్రటి మూలలు అతని చేతిలో పడి పలకలై వచ్చేవి. అడిగితే, "గీయడానికేం తల్లీ, గీస్తావు. కట్టి చూడు తెలుస్తుంది" అనేవాడు.

అందుకే ఈ చలికాలం కట్టడం నేర్చుకుంటోంది. ఒక వరస రాస్తే తెర మీద పెట్టె జరుగుతుంది, ఇంకో వరస రాస్తే నీలం కాస్తా పొద్దుగుంకే రంగవుతుంది. రాసిన మాట రాసినట్టు వినే వస్తువు ఇంట్లో అదొక్కటే.

తల్లి చెల్లెలు సుఆద్ ఖాలా కూతురు లుజైన్‌కి పెళ్లి కుదిరింది. పెళ్లి పిలుపు వెబ్‌పేజీ నేనే చేస్తానంది రనీమ్. ఇంగ్లీషు శీర్షికల్లో అక్షరాల మధ్య కాస్త గాలి వదలడం ఆమెకు అలవాటు. చెయ్యి ఆ వరసను ఇక్కడా రాసేసింది. అరబ్బీ అక్షరాలేమో చేతులు పట్టుకుని నడిచే రకం. గాలి చొరబడగానే లుజైన్, ఖుసై అనే రెండు పేర్లూ విడివిడిగా, బస్టాపులో ఒకరినొకరు ఎరగని జనంలా నిలబడ్డాయి. ఆమె చూసుకునేసరికి లింకు చుట్టాలందరికీ వెళ్లిపోయింది. తప్పు ఫాంటుదనుకుని ఫాంటు మీద ఫాంటు మార్చింది. అక్షరాలు చేతులు కలపలేదు.

వాళ్లుండే కొండ మీద పేరుకీ మనిషికీ అట్టే దూరం ఉండదు. మంగలి అబూ నిదాల్ బోర్డు మీది పేరులో ఒక అక్షరపు చుక్క రాలిపోయిన రోజునే అతని గడ్డం మీది పుట్టుమచ్చ పోయింది. పెయింటరు వచ్చి చుక్క పెట్టాక తిరిగొచ్చింది. అందుకని ఆ సాయంత్రం పెళ్లికొడుకు ఖుసై ఖాలా ఇంటికి కాఫీకి వచ్చి నోరు తెరిచినప్పుడు ఎవరూ నివ్వెరపోలేదు.

"ప ర దా లు, ప చ్చ వి, కొ న్నా ను" అన్నాడు.

"పేరులో గాలి దూరినట్టుంది పాపం. నీ పేజీ పుణ్యమేనా ఏమే?" అంది ఖాలా, అతని కప్పు నింపుతూ.

ఖుసై మంచివాడే. మాట మొదలుపెడితే మాత్రం తిప్పిన కుళాయి. పరదాల రంగు, పిల్లల పేర్లు, వేసవిలో ఎక్కడికెళ్లాలో అన్నీ ఒక్క ఊపిరిలో తేల్చేసేవాడు. లుజైన్ పెదవులు విప్పేది, మూసేది. మాదబా అనే ఊళ్లో పాతకాలపు మొజాయిక్ నేలలకు రాయీ రాయీ అతికే ఉద్యోగం ఆమెది. ఎంత చిన్న రాతి ముక్కకైనా చూపుతోనే చోటు కనిపెట్టేది. పెళ్లయ్యాక అది మానేస్తుందని అతను ఎప్పుడో చెప్పేశాడు. ఇంట్లో అందరికీ అది ఖాయమైన సంగతి.

"పె ళ్ల య్యా క, మా ద బా..."

ఆ సందులో లుజైన్, "నేను మానను" అంది.

అందరూ తలలు తిప్పారు. తన గొంతు తనకే కొత్తై ఆమె ఎర్రబడింది. ఆమె పేరులోకీ గాలి దూరింది కదా, ఇన్నాళ్లకి ఊపిరాడినట్టుంది.

ఖాలా రనీమ్‌ని వంటింట్లోకి లాక్కెళ్లింది. "శుక్రవారం నిఖా. ఆలోగా పేజీ బాగుచెయ్. నిఖా చేసే షేక్ గారి ముందు అబ్బాయి మాటలు ఇలా నత్తలా నడిస్తే, విందుకి వండిన మన్సఫ్ మాంసం చల్లారి గడ్డకడుతుంది. పిల్ల కూడా తిక్కతిక్కగా మాట్లాడుతోంది."

గురువారం ఆఫీసులో హాజిమ్ పగలబడి నవ్వాడు. "నీ పేజీకి పళ్లూడాయేంటి? అక్షరాల మధ్య ఎడం పెట్టమని నువ్వే రాశావుగా, ఇదిగో ఈ వరస. తీసెయ్, అంతే. ఇంత అందంగా పాడుచెయ్యడం మాత్రం నీకే చెల్లింది!"

ఇంటి మెట్ల దగ్గర లుజైన్ కాచుకుని ఉంది, గోళ్లలో రాతిపొడి.

"తప్పు దొరికిందా?"

"దొరికింది. ఇప్పుడే తీసేస్తా."

"రేపు సంతకాలయ్యేదాకా ఉంచు."

"పిచ్చా? చుట్టాలంతా ఆ పేజీ చూసి నవ్వుతున్నారే. డిజైనర్‌నని తిరుగుతున్నాను నేను."

"అతను చెడ్డవాడు కాదు రనీమ్. అతని మాటల్లో నాకు చోటు లేదంతే. ఇప్పుడు దొరికింది."

రనీమ్ పైకెళ్లింది. ఆ వరస మీద వేలు పెట్టింది. విడివిడిగా నిలబడ్డ అక్షరాలు చూస్తే ఒళ్లు మండింది. అయినా వేలు తీసేసి, వరసను అలాగే ఉంచి కంప్యూటర్ మూత దించింది.

శుక్రవారం షేక్ గారు కాగితాలు పరిచారు. "షరతులేమైనా ఉన్నాయా?"

"ఏ మీ లే..." మొదలుపెట్టాడు ఖుసై.

"ఒకటుంది" అంది లుజైన్. "మాదబాలో నా పని మాననని రాయండి."

ఖాలా కళ్లురిమింది. లుజైన్ తండ్రి చేతిలో తస్బీహ్ జపమాల పూసలు ఆగాయి. ఖుసై నోరు తెరిచాడు. ఇదివరకైతే ఈపాటికి పది జవాబులు చెప్పి ఉండేవాడు. ఇప్పుడు ఒక్కో అక్షరం కోసం ఆగాలి. ఆగినంతసేపూ ఎదురుగా ఆమె ముఖం ఉంది, అతను ఇదివరకెప్పుడూ అంతసేపు చూడని ముఖం.

"రా యం డి" అన్నాడు.

షేక్ గారు రాశారు. ఇద్దరూ సంతకాలు చేశారు. రనీమ్ బల్ల కింద ఫోన్లో ఆ వరస చెరిపేసింది. తెర మీద పేర్లు రెండూ దగ్గరికి జరిగి చేతులు పట్టుకున్నాయి.

"మాదబాకి మొదటి బస్సు ఎన్నింటికి, ఎక్కడెక్కాలి, ఈ పొగమంచులో ఒక్కదానివే ఎలా పోతావు, పోనీ నేనే దింపనా?" ఖుసై గుక్క తిప్పుకోకుండా అడిగేశాడు. అడిగి, ఆగాడు.

లుజైన్ తొందరపడలేదు. కప్పు అందుకుని, కాఫీ మీది నురగ ఊది, నెమ్మదిగా తాగింది. అతను ఎదురుచూస్తూ కూర్చున్నాడు.