మొదటి చుట్టు

తీగ కొసను సీతాలు చేతికిచ్చి, నరసన్న కాగితపు గొట్టాన్ని ఆమె ముందుకు జరిపాడు. తీగ వెంట్రుక కంటే కాస్త మందం, ఎండిన చింతపండు రంగు. సీతాలు వేళ్లు పమిటకు తుడుచుకుని, గొట్టం చుట్టూ ఒక్క చుట్టు వేసి, గోటితో అదిమి పట్టుకుంది.

"ఊఁ, అందుకో మావా."

నరసన్న అందుకున్నాడు. మిగతా చుట్లన్నీ అతనివే. ఒకదాని పక్కన ఒకటి, సందు లేకుండా, ఒకదాని మీదికి మరొకటి ఎక్కకుండా పడాలి. ఆ పని చేస్తున్నంతసేపూ ఊపిరి కూడా చిన్నగా పీల్చేవాడు. ఈ మధ్య ఊపిరి దానంతటదే చిన్నదైపోయింది. తను పనిచేసే బట్టలకొట్టు మెట్లెక్కితే రొమ్ములో పిడికిలి బిగించినట్టు ఉంటోంది. సీతాలుకు చెప్పలేదు.

ఈ చుట్ట దిగపహండి అనే ఊళ్లో బడిపంతులుది. లౌడుస్పీకరు తన చేత్తో తనే కట్టుకోవాలని ఆయనకు సరదా. అలాంటి సరదా ఉన్నవాళ్లకు నరసన్న సామాను పొట్లం కట్టి బస్సులో పంపేవాడు. గరాటుగా మడవడానికి కత్తిరించిన దళసరి కాగితం, దాని అంచుకు అతికే పట్టుపేలిక, తీగచుట్ట, పాడైపోయిన మోటారు లారీల నుంచి ఊడదీసిన అయస్కాంతం, కొన్ని మరలు, వీటితోపాటు బొమ్మలు గీసి అచ్చువేయించిన కాగితం ఒకటి. రేడియో నుంచి కరెంటు వస్తే అయస్కాంతం నడుమ తీగచుట్ట కదులుతుంది. దానితో గరాటు కదులుతుంది. గరాటు కదిలితే మాట వస్తుంది. కానీ ఆ చుట్ట ఆడే సందు ఎంత సన్ననిదంటే, అందులో ఇసక రేణువు పడినా మాట బొంగురుపోతుంది.

అందుకే అచ్చుకాగితం అడుగున ఎర్రసిరాతో ఒక ముక్క ఉండేది: "పూజ చేయువారు బొట్టును పెట్టె చెక్క మీదనే పెట్టవలెను. కాగితము మీద పెట్టరాదు." ఎవరూ చదివేవారు కాదు. దసరాకు కుట్టుమిషనుకు, సైకిలుకు, త్రాసుకు పెట్టినట్టే దీనికీ తడిగంధం, దాని మీద కుంకుమ, సరిగ్గా గరాటు నడిబొడ్డున. పండుగ వెళ్లగానే పాత్రపూర్ నుంచి ఒకటి, మరో ఊరి నుంచి ఒకటి గరగరలాడుతూ తిరిగొచ్చేవి. "ఆడోళ్లకేటి తెలుస్తాది నరసన్నా!" అని తెచ్చినవాళ్లు నవ్వేవారు. ఎండిన గంధాన్ని కోడి ఈకతో దులుపుతూ అతనూ నవ్వేవాడు.

సీతాలు చేత మొదటి చుట్టు వేయించడం మాత్రం ఆ అచ్చుకాగితంలో లేని పద్ధతి. వాళ్లది పట్టునేతవాళ్ల వీధి. మగ్గం మీదికి కొత్త పడుగు ఎక్కించేటప్పుడు, చెయ్యి మంచిదని పేరున్న ముత్తయిదువను పిలిచి మొదటి పోగు ముట్టిస్తారు. కాపురానికి వచ్చిన కొత్తలో సీతాలును పిలిచేవారు. ఇద్దరు బిడ్డలు ఏడాది నిండకుండా పోయాక మానేశారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. అని ఉంటే జవాబు చెప్పే వీలుండేది. పెళ్లిళ్లలో పసుపు దంచుతుంటే రోకలి ఆమె దాకా వచ్చి పక్కకు తిరిగిపోయేది, అంతే. నరసన్న వీధితో పోట్లాడగలవాడు కాదు. ఒకనాడు తీగ కొస తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"ఏటిది?"

"మొదట నువ్వు సుట్టు."

అప్పటి నుంచి ఒక్క చుట్ట కూడా ఆమె చెయ్యి పడకుండా మొదలవలేదు.

చుట్టడం అయ్యాక నరసన్న లేచి మూలనున్న పెద్ద లౌడుస్పీకరు పెట్టె కేసి చూశాడు. ఆరు నెలలుగా కొట్టు నుంచి వచ్చి దాని ముందే కూర్చున్నాడు. వాళ్ల ఊరు బరంపురం మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సా రాష్ట్రంలో కలిసి మూడేళ్లు దాటింది. సర్కారు కచేరీల్లో తెలుగు పలుచబడింది. మద్రాసు రేడియోలో తెలుగుమాట పదిమందీ వినేటట్టు వాకిట్లో పెద్ద లౌడుస్పీకరు పెట్టాలని తెలుగు పఠనమందిరంవాళ్లు తలపెట్టారు. కలకత్తా కంపెనీ ఏజెంటు ఒకటి పట్టుకొచ్చాడు. మందిరం కార్యదర్శి, ప్లీడరు రామచంద్రరావు, మన నరసన్నది కూడా విన్నాకే తేలుద్దామన్నాడు. ఇంగ్లీషు పత్రికల్లోని బొమ్మలను ఒకప్పుడు నరసన్నకు విడమరిచి చెప్పింది ఆయనే. మొన్న తన ఇంటి రేడియోకు పెట్టె తగిలించి, గరాటు మీద నాలుగు నూకలు వేసి అవి గంతులేస్తుంటే చిన్నపిల్లవాడిలా చూశాడు. "గంటలా ఉందయ్యా!" అన్నాడు.

రెండూ పలికించేది ఈ సాయంత్రమే, విజయదశమినాడు. తనది నెగ్గితే నరసన్న చెప్పదలచుకున్న మాట ఒకటి ఉంది. వీధి వీధంతా చాపల మీద కూర్చుని ఉండగా, ముందు వరసలో వరహాలమ్మ ఉండగా, ఈ గొంతుకు మొదటి చుట్టు మా సీతాలు వేసిందని చెప్పాలి. గుడ్డ కొలుస్తూ ఆ మాటను లోలోపల చాలాసార్లు అనుకున్నాడు. వరహాలమ్మ వీధిలో పెద్ద ముత్తయిదువ. రోకలి ఎటు తిరగాలో కంటితో చెప్పేది ఆవిడే.

"చెక్కకు నిన్న పూసిన మెరుగు ఇంకా అంటుతోంది. ముట్టుకోకు," అని చెప్పి కొట్టుకు బయలుదేరాడు.

గేట్ బజార్‌లో ఆదినారాయణ బట్టలకొట్టు కిటకిటలాడుతోంది. నరసన్న ఇరవై ఏళ్లుగా అక్కడ గజంబద్ద పట్టుకుని నిలబడినవాడు. బొటనవేలి మొదట్లో బద్ద ఒరుసుకుని కాయ కాసింది. గుడ్డ చింపేటప్పుడు తలెత్తకుండానే తిన్నగా చింపేవాడు. ఆ వేళ ఒకసారి చిరుగు పక్కకు పోయింది.

"ఏటి నరసన్నా, సెయ్యి ఒణుకుతోందేటి?" అన్నాడు షావుకారు గల్లాపెట్టె దగ్గర నుంచి. ఆయన మందిరం కమిటీలో సభ్యుడు. "ఇప్పుణ్ణించే సన్నాయి ఇనిపిస్తోందా? ఎల్లు, ఎల్లు. ఈ పూటకి బద్ద మరొకడికిచ్చీ. పలక్కపోతే మాత్రం రేపు పెందరాళే రావాల, తెలిసిందా?"

వెక్కిరింతే అయినా సెలవు సెలవే. నరసన్న దణ్ణం పెట్టి దిగాడు.

జట్కా మాట్లాడుకుని ఇంటికి వచ్చేసరికి పెట్టె సీతాలు పాత పసుపుచీరలో వదులుగా మూటకట్టి సిద్ధంగా ఉంది.

"ముడి ఇప్పకు. దారంతా దుమ్ము. అక్కడికెల్లి ఇప్పు," అంది.

"నువ్వూ రారాదా?"

"నానెందుకు, నలుగురూ ఉన్నకాడికి. ఇక్కడికినబడదేటి? పెద్దది కదా."

ఎదురుగా వరహాలమ్మ మందిరానికే పోతూ, గుమ్మంలో సీతాలును చూసి చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగి, ఆమె లోపలికి వెళ్లేదాకా వంగే ఉంది. నరసన్న చూశాడు. పెట్టె ఎత్తబోతే రొమ్ములో పిడికిలి బిగిసింది. జట్కావాడు ఒడియావాడు. "ధీరె, ధీరె," అని నెమ్మదించమంటూ దిగి, అడక్కుండానే రెండో పక్క పట్టాడు. తన తుండుగుడ్డ మడిచి పెట్టె కింద వేశాడు.

దీపాలవేళకు మందిరం వాకిలి నిండిపోయింది. అరుగు మీద రేడియో, దాని పక్కన కలకత్తా కంపెనీది, నల్లగా నిగనిగలాడుతూ. ముందు నరసన్నదే పలికించాలన్నారు. అతను రేడియో తీగలు తగిలించి, జనానికి వీపు పెట్టి చీర ముడి విప్పాడు.

గరాటు నడిబొడ్డున బొట్టు ఉంది.

గుండ్రంగా దిద్దిన గంధం, మధ్యలో కుంకుమ. తడిగా పెట్టినది తడిగానే ఒక సన్నటి చార జారి చుట్ట ఆడే సందులోకి దిగి, అక్కడ ఎండిపోయింది. ఈక లేదు. గోటితో గీకబోయాడు. అప్పటికే రామచంద్రరావు రేడియో మర తిప్పాడు.

మద్రాసు సన్నాయి మొదలైంది. మొదలైన చోటే ఏదో గొంతు పట్టుకున్నట్టు గరగరమంది. తాటాకు బుట్టలో బొద్దింకలు పరిగెత్తినట్టు ఉంది ఆ చప్పుడు. నరసన్న కదలలేదు. తన ఒంటితో గరాటును కప్పి నిలబడ్డాడు.

"ఓరి నాయనో, సన్నాయికి జలుబు సేసిందిరా!" అన్నాడు ఆదినారాయణ. వాకిలంతా నవ్వింది. ఏజెంటుకు తెలుగు రాకపోయినా నవ్వాడు.

నవ్వు ముగియకుండానే రామచంద్రరావు మర కట్టేశాడు. దగ్గరకు వచ్చి గొంతు తగ్గించి అడిగాడు.

"ఏమైందయ్యా? మొన్న నేనే విన్నానుగా. చిన్న లోపమైతే చెప్పు. ఏజెంటు ఇంకో రెండు రోజులు ఊళ్లోనే ఉంటాడు. బాగుచేసి తీసుకురా, మళ్లీ విందాం."

"అలగైతే ఆ లోపమేటో ఇప్పుడే అందరికీ సూపించాల ప్లీడరుగారూ," అన్నాడు ఆదినారాయణ. "వంక సెప్పి ఎలిపోతే ఎలాగ? జరగరా నరసన్నా, సూడనీ."

"అవునర్రా, మద్దిన ఏటో ఎర్రగుంది," అంది వరహాలమ్మ మెడ సాచి.

జరిగితే చాలు. బొట్టు అని తేలితే తప్పు గరాటుది కాదు. ఈకతో దులిపి రేపు తెస్తే గంటలా పలుకుతుంది. కానీ బొట్టు ఎవరు పెట్టారని అడుగుతారు. తనే పెట్టానంటే నమ్మేవాళ్లు లేరు, వద్దని ఎర్రసిరాతో అచ్చువేయించినవాడు తనే. తను ఇంటికి చేరే లోపల ఆ మాట నూతిదగ్గరికి చేరుతుంది. ఇన్నాళ్లూ ఎవరూ పైకి అనని మాటను ఇప్పుడు నవ్వుతూ అంటారు. ఆ చెయ్యి పడితే పెట్టె కూడా మూగబోయిందంటారు.

నరసన్న పసుపుచీరను మళ్లీ గరాటు మీద కప్పాడు.

"సిన్న లోపం కాదు బాబూ," అన్నాడు. "సుట్టే వంకరగా సుట్టీసాను. నా సెయ్యే పాడైపోనాది. ఇంక బాగవదు."

రామచంద్రరావు అతని ముఖంలోకి కాసేపు చూశాడు. నరసన్న చుట్టిన తీగ ఎన్నడూ వంకర పోలేదని ఆయనకు తెలుసు. "సరే," అని తనే ఒక పక్క పట్టి పెట్టెను జట్కా దాకా మోశాడు.

జట్కా మలుపు తిరగకముందే వెనక నుంచి సన్నాయి లేచింది. కలకత్తాది. తెల్లగా, నిండుగా, ఇళ్ల కప్పుల మీదుగా సాగింది. జట్కావాడు గుర్రాన్ని మెల్లగా నడిపించాడు.

సీతాలు గుమ్మంలోనే ఉంది. కళ్లు మెరుస్తున్నాయి.

"ఇన్నాను మావా! ఇక్కడికి గంట కొట్టినట్టినబడింది. కూకుని మొత్తం ఇన్నాను. ఎంత బాగా పలికింది!" అని, అప్పుడు పెట్టెను చూసింది. "అదేటి, తెచ్చీసావు?"

నరసన్న పెట్టెను మూలకు చేర్చాడు. తర్వాత గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"మెరుగు ఆరలేదట," అన్నాడు. "ఆరేక మళ్లీ కబురెడతారు."

"నానదే అనుకున్నాను," అంది సీతాలు. చీర తీసి మడత పెడుతూ నవ్వింది. "పెట్టె గడప దాటే ముందు బొట్టెడదామని నువ్వెల్లిపోయాక సూసేను. సెక్కేమో ఏలికి అంటుతోంది. అంత కష్టపడి పూసేవు, సెడగొట్టడమేటని కాయితం మీదెట్టాను. తప్పు నేదు కదా?"

"నేదు."

"బాగా పలికింది కదా మరి."

"పలికింది," అన్నాడు నరసన్న. "నీ సెయ్యి మంచిది."

ఆ మాట వాకిట్లో, అందరి ముందూ అనవలసింది. గదిలో సీతాలు ఒక్కతే విన్నది. ఆమె గబుక్కున అటు తిరిగి పొయ్యి రాజేసింది. నరసన్న అన్నం రెండు ముద్దలు తిని, గంధాన్ని ఈకతో దులపడానికి లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. రేపు చూద్దామన్నాడు.

మర్నాడు తెల్లవారి సీతాలు కొత్త గొట్టం ముందు పెట్టుకుని, మొదటి చుట్టు వేసి గోటితో అదిమి పట్టుకుంది. "అందుకో మావా," అంది. కాసేపు ఆగి మళ్లీ అంది. నరసన్న గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. తీగ వదిలితే ఊడిపోతుందని, అది వదలకుండానే రెండో చేత్తో అతని భుజం కుదిపింది.

వీధి అంతా వచ్చింది. "పెట్టె పలకనేదని దిగులెట్టుకుని పోనాడు," అన్నారు. "తీగ వంకరగా సుట్టీసేనని తనే ఒప్పుకున్నాడట. ఆ సెయ్యే పాడైపోనాదట."

"పలికింది. నానిన్నాను," అంది సీతాలు. ఎవరూ ఆమెతో వాదించలేదు.

పదోనాడు వరహాలమ్మ నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చి, చేయించవలసినవన్నీ చేయించింది. ఆ పనికి సీతాలును పక్కన పెట్టలేదు. గాజుముక్కలు ఊడ్చి, కుంకుమభరిణె పట్టుకుని వెళ్లిపోయారు. మూలనున్న పెట్టెను ఎవరూ ముట్టుకోలేదు.

చెక్క మీది మెరుగు ఎప్పుడో ఆరిపోయింది. కాగితం నడిబొడ్డున గంధం అంచుల్లో పగిలింది, మధ్యలో కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది.