ఒక్క జ్యూరీని కూడా చూడని లాయరు

రెయినో కాలియో తన ఫైల్లోంచి మడతలు పడ్డ కాగితం ఒకటి తీసి, టేబుల్ మీద నా వైపు తిప్పి పెట్టేసరికి మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవై. అది మా ఆఫీసు వెబ్‌సైట్‌లో నా పేజీ. నా ఫొటో, నా చదువు, నా తొమ్మిదేళ్ల అనుభవం. కింద ఒక వాక్యానికి ఎర్ర పెన్సిలుతో గీత గీసి ఉంది. ‘వ్యాపార తగాదాల్లో, కోర్టు విచారణల్లో ఆరితేరిన న్యాయవాది మారిట్ ఎంగ్‌దాల్.’

“దీన్ని చూసే నీ దగ్గరికొచ్చాను మారిట్,” అన్నాడు. “నువ్వేమో పొద్దున్నుంచీ రాజీ, రాజీ అని ఒకటే పాట. ఆరితేరినోళ్లు ఇంత తొందరగా చేతులెత్తేస్తారా?”

“రాజీ మంచిదంటున్నానంతే రెయినో గారూ.”

“ఎవరికి మంచిది?”

నేను నీళ్ల సీసా మూత తిప్పాను. మళ్లీ బిగించాను. తాగలేదు.

మేమున్నది అమెరికాలోని డులూత్‌లో, మధ్యవర్తి ఆఫీసు ఆరో అంతస్తులో. సోమవారం ఉదయం తొమ్మిదికి జ్యూరీ ముందు మా కేసు మొదలవుతుంది. దానికి ముందు శుక్రవారం, అంటే ఇవాళ, రెండు పక్షాలనీ రెండు గదుల్లో కూర్చోబెట్టి చివరిసారి మాట్లాడించమని జడ్జి ఆర్డరు వేశారు. ఎదురు గదిలో బ్రాండ్‌వోల్డ్ స్టీల్ వాళ్లున్నారు. మంచు తోసే లారీలకి ముందు కట్టే బ్లేడ్లు తయారుచేసే పెద్ద కంపెనీ. రెయినో అక్కడ ఇరవై రెండేళ్లు వెల్డరుగా పనిచేసి, బయటికొచ్చి పద్నాలుగు మందితో సొంత షెడ్డు పెట్టుకున్నాడు. రాయి తగిలినా విరగకుండా కాస్త వంగి తప్పుకునే బ్లేడు చేశాడు. ఆ వంపు మాది, మా ఇంజనీరు డ్వేన్ ఫ్రిస్క్ మార్చిలోనే గీశాడు, నువ్వు సెప్టెంబరులో వెళ్తూ ఎత్తుకెళ్లావు అని వాళ్ల దావా.

వాళ్లు రాజీకి పెట్టిన షరతు టేబుల్ మీదే ఉంది. వంపు బ్లేడు ఆపెయ్యాలి, పాత రకాలు చేసుకోవచ్చు. అలా ఒప్పుకుంటే షెడ్డులో ఏడుగురికి పని పోతుంది. విచారణకి వెళ్లి ఓడితే పద్నాలుగు మందికీ పోతుంది, షెడ్డే ఉండదు. గెలిస్తే ఎవరికీ పోదు. మూడు గంటలకల్లా జవాబు చెప్పాలి.

నన్ను పొద్దున్నుంచీ తినేస్తున్నది వేరే విషయం. ఈ తొమ్మిదేళ్లలో అరవై మూడు కేసులు చేశాను. ఒక్కటి కూడా జ్యూరీ దాకా వెళ్లలేదు. మా వృత్తిలో అది వింతేం కాదు, నూరు కేసుల్లో ఒకటో రెండో వెళ్తాయి. మిగతావన్నీ కాగితాల మీద పుట్టి కాగితాల మీదే చస్తాయి. నాకు ఆ కాగితాలే ఇష్టం. నలభై వేల పేజీల్లో అబద్ధం దాక్కున్న ఒక్క లైను దొరికినప్పుడు ఒళ్లంతా జలదరిస్తుంది. మనుషుల ముందు నిలబడి కొట్లాడటం మాత్రం నా వల్ల కాదేమోనని ఎప్పుడూ అనుమానం. మా నాన్న చిన్న ఊళ్లో పాస్టరు. మా ఇంట్లో కోపం వస్తే ఎవరూ అరవరు, గిన్నెలు కాస్త గట్టిగా కడుగుతారు. హోటల్లో అడగని సూపు తెచ్చిపెట్టినా తినేసి, బాగుందని చెప్పి వచ్చే రకం మేము. అలాంటి ఇంట్లోంచి వచ్చి ఈ వృత్తి ఎందుకు పట్టుకున్నావని మా అక్క ఇప్పటికీ ఏడిపిస్తుంది.

ఆ ‘ఆరితేరిన’ వాక్యం నేను రాయలేదు. వెబ్‌సైట్ చూసే అమ్మాయి రాసి, ఓకేనా అని మెయిల్ పెట్టింది. అప్పుడు ఏదో పనిలో ఉండి, చదివి, ఒక్క క్షణం ఆగి, ఓకే అని కొట్టాను. ఆ ఒక్క క్షణమే ఇప్పుడు నన్ను వదలడం లేదు. రాజీ పడమని నేను చెప్తున్నది రెయినో మంచి కోసమా, నా భయం కోసమా? నాకే తెలియడం లేదు.

“ఐదు నిమిషాలు,” అని వరండాలోకి వచ్చేశాను. మా సీనియర్ వారెన్ టటిల్ కాఫీ మిషను దగ్గర బిస్కెట్ ముంచుకుంటున్నాడు. ఆయన వయసులో ఉన్నప్పుడు డెబ్బై దాకా విచారణలు చేశాడు. ఈ కేసు కాగితాలు మాత్రం ఆయనకి తెలియవు, అవి నాకే తెలుసు.

“వారెన్ గారూ, ఆయనకి తెలీదు. నేను జ్యూరీ ముందు ఎప్పుడూ నిలబడలేదని.”

“అడిగాడా?”

“అడగలేదు. పేజీ చూపించాడు.”

“ఊఁ.” బిస్కెట్ విరిగి కప్పులో పడింది. ఆయన దాన్నే చూస్తూ మాట్లాడాడు. “ఇప్పుడు చెప్తే హడలిపోయి రాజీకొస్తాడు. చెప్పకపోతే నీమీద నమ్మకంతో పోరాడతానంటాడు. ఎటైనా నువ్వే తోసినట్టవుతుంది పిల్లా.”

“మీరైతే ఏం చేసేవారు?”

“నా మొదటి కేసులో నేను చెప్పలేదు. ఓడిపోయాం. ఆ మనిషి ఇప్పటికీ రోడ్డు మీద కనిపిస్తే చెయ్యూపుతాడు. తిట్టినా బావుండేది.”

ఐదు నిమిషాలన్నది ముప్పావుగంటయింది. రెండూ పదికి లోపలికి వెళ్లి, కూర్చోకుండానే చెప్పేశాను. కూర్చుంటే చెప్పలేనని తెలుసు. “రెయినో గారూ, ఆ వాక్యం నిజం కాదు. నేను జ్యూరీ ముందు ఒక్క కేసు కూడా నడపలేదు. అన్నీ ముందే రాజీ అయిపోయాయి. మీకు మొదటి రోజే చెప్పాల్సింది. ఇప్పుడు చెప్తున్నా, మీరు మూడింటికి జవాబు చెప్పాలి కాబట్టి.”

ఆయన సగం తిన్న శాండ్‌విచ్‌ని కాగితంలో చుట్టి పక్కకి నెట్టాడు.

“ఒక్కటి కూడానా?”

“ఒక్కటి కూడా.”

“మా షెడ్డులో కొత్తగా చేరినోడు చేతకాని అతుకేసి, వెల్డింగు వచ్చని బుకాయించాడనుకో. సాయంత్రానికి పంపించేస్తా.”

“పంపించెయ్యండి. వారెన్ గారు వాదిస్తారు. కావాలంటే వాయిదా అడుగుతాం, జడ్జి ఇవ్వకపోవచ్చు. అదీ చెప్తున్నా.”

“ఇప్పుడన్నీ చెప్తావు,” అన్నాడు ఎత్తిపొడుపుగా. లేచి కిటికీ దగ్గరికెళ్లాడు. సరస్సు మీద గాలి లేచింది. ఆయన ఉన్నట్టుండి వెనక్కి తిరిగి, కుర్చీ ఒకటి లాగి గోడకి ఆనించి, కాలు మీద కాలేసి కూర్చున్నాడు. గడ్డం పైకెత్తాడు. ముఖమే మారిపోయింది.

“నేను డ్వేన్ ఫ్రిస్క్‌ని అనుకో. ఇరవై రెండేళ్లు ఆ మహానుభావుడి కిందే చచ్చాను, వాడెలా మాట్లాడతాడో నాకు తెలుసు. అడుగు.”

“ఇప్పుడా?”

“సోమవారం ఇంకెవరినైనా పంపిస్తావా?”

ఆయనకి ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. “ఫ్రిస్క్ గారూ, ఈ వంపు బ్లేడు బొమ్మ మీరు మార్చిలో గీశారా?”

“గీశాను మేడమ్.” గొంతు తేనె పూసినట్టుంది.

“ఎవరికైనా చూపించారా?”

“అందరికీ. మేమంతా ఒక కుటుంబం మేడమ్.”

మరో నాలుగు ప్రశ్నలు అడిగాను. ప్రతి దానికీ నున్నగా జారిపోయాడు. మధ్యలో ఆవలించి, “జ్యూరీ నిద్రపోయింది,” అని తన గొంతుతో చెప్పి, మళ్లీ గడ్డం ఎత్తాడు. ఏదో ఒకటి అడగాలని, గీశాక ఏం చేస్తారని అడిగాను.

“మా పద్ధతే వేరు మేడమ్. గీసిన ప్రతిదాన్నీ మంచులో పెట్టి పరీక్షిస్తాం. పరీక్ష కాగితం లేకుండా మా దగ్గర్నుంచి కాఫీ కప్పు కూడా బయటికి పోదు.”

ఈ కేసులో వాళ్లిచ్చిన నలభై వేల పేజీలూ కళ్ల ముందు తిరిగాయి. పరీక్ష కాగితాలు రెండొందల పదకొండు, ఒక్కొక్కటీ చదివాను.

“అయితే ఈ బొమ్మ పరీక్ష కాగితం నంబరెంత ఫ్రిస్క్ గారూ?”

రెయినో గడ్డం కిందికి దిగింది.

“లేదా?” అన్నాడు తన గొంతుతోనే.

“లేదు. వంపు బ్లేడుకి వాళ్లు చేసిన మొదటి పరీక్ష, మీ బ్లేడు అమ్మకానికొచ్చిన మరుసటి చలికాలంలోనే. మార్చిలో గీశామన్నదానికి ఆ బొమ్మ తప్ప వాళ్ల దగ్గర ఇంకేం లేదు.”

“ఈ ముక్క ఇన్నాళ్లూ చెప్పలేదేం?”

“నాకే ఇప్పుడు తట్టింది. ఆయన గొప్పలు మీరు చెప్తే.” ఆపకుండా ఇంకో ప్రశ్న అడిగాను, ఊపులో. “ఎందుకు లేదు ఫ్రిస్క్ గారూ?”

గడ్డం మళ్లీ లేచింది. “ఆఫీసు మారినప్పుడు కొన్ని పెట్టెలు పోయాయి మేడమ్. చాలా బాధపడ్డాం.” రెయినో కాలు దించాడు. “చూశావా? ఎక్కడ ఆపాలో తెలీలేదు. వాడికి నువ్వే తలుపు తీశావు.”

“అవును.” సిగ్గుతో చెవులు కాలిపోయాయి. నిజమైన ఫ్రిస్క్ ఆ గొప్పలు అసలు చెప్పకపోవచ్చు. ఇంకేదైనా కాగితం దాచి ఉంచవచ్చు.

“గెలుస్తామా?”

“తెలీదు. పొద్దున అనుకున్నదానికంటే నయం. అంతకంటే చెప్తే మళ్లీ ఆ పేజీలా అవుతుంది.”

మూడింటికి మధ్యవర్తి తలుపు కొట్టింది. నెరిసిన జుట్టు పెద్దావిడ, చేతిలో పసుపు రంగు నోటు పుస్తకం. రెయినో నన్ను చూడలేదు. “ఒప్పుకోనని చెప్పండి,” అన్నాడు. ఆవిడ తల ఊపి వెళ్లిపోయింది.

“రెండు షరతులు,” అన్నాడు. “వారెన్ నీ పక్కనే కూర్చోవాలి. నువ్వు తడబడితే ఆయన లేస్తాడు, అలగకూడదు.”

“అలగను. రెండోది?”

“నాతో షెడ్డుకి రా. నాకు చెప్పింది వాళ్లకీ చెప్పు. పోయేది వాళ్ల పని కూడా.”

నాలుగున్నరకి షెడ్డులో మిషన్లు ఆపేశారు. చెవులు మూసుకుపోయేంత నిశ్శబ్దం. పద్నాలుగు మంది వెల్డింగు ముసుగులు పైకెత్తి, చేతులు తుడుచుకుంటూ నన్నే చూస్తున్నారు. ఒకాయన లంచ్ డబ్బా మీద కూర్చున్నాడు. రెయినో గోడకి ఆనుకుని నిలబడ్డాడు, సాయానికి రాలేదు. చలికి నా మాట ఆవిరిగా కనిపిస్తోంది. పేజీ సంగతి చెప్పాను, రాజీకి ఏమన్నారో చెప్పాను, పరీక్ష కాగితం చెప్పాను, పోయిన పెట్టెల ప్రశ్న కూడా చెప్పాను. ఒకసారి తడబడి, ఆగి మళ్లీ మొదలుపెట్టాను.

లంచ్ డబ్బా మీదాయన అడిగాడు. “అంటే మామీద నేర్చుకుంటావన్నమాట.”

“అవునండీ. అబద్ధం చెప్పను.”

“ఆ పెట్టెల ప్రశ్న సోమవారం అడక్కు మరి.”

“అడగను.”

ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. వెనక నిలబడ్డ ఒకావిడ చేతి తొడుగులు ఒక్కొక్కటే లాగి, ముడిచి జేబులో పెట్టుకుంది. “సోమవారం తొమ్మిదింటికా, తొమ్మిదిన్నరకా?” అంది.

“తొమ్మిదింటికి.”

“అయితే రాత్రి షిఫ్టు నుంచి నేరుగా కోర్టుకి వచ్చేస్తా,” అని, మిషను దగ్గరికి వెళ్లి స్విచ్ వేసింది.