రాలని వాక్యం

ఆ ఆఫీసులో పొద్దున్నే ఎవరు ముందొస్తే వాళ్లు చీపురు పట్టుకోవాలి. ముందురోజు కంప్యూటర్ల నుంచి రాలిన మాటలు బల్లల మీదా, కీబోర్డు సందుల్లోనూ, కుర్చీల కిందా నల్లటి ఇసుకలా పరుచుకుని ఉండేవి. వెబ్‌సైట్లకు రాతలు రాసిపెట్టే ఆఫీసు అది. అక్కర లేకుండా పదేపదే ఇరికించిన మాటకి తెర మీద పట్టు దొరికేది కాదు. జారి కింద పడిపోయేది. కొన్ని ఇళ్లలో గోడలకి చెమ్మ దిగుతుంది, కొన్ని ఇళ్లలో చెద పడుతుంది, ఇక్కడ మాటలు రాలతాయి. అంతే. వాటిని ఊడ్చి బకెట్లో పోసి, కింద టైర్ల షాపు పక్కనున్న చెత్తకుండీలో పడేసి, చేతులు కడుక్కుని టీ తాగి కూర్చునేవాళ్లు. రాలిన చోట మళ్లీ అదే మాట టైపు చెయ్యడం కూడా పనిలో భాగమే.

చాలాసార్లు ముందొచ్చేది కామా మేడమే. ఒకసారి కామా ఎక్కడ పెట్టాలన్నదాని మీద భోజనం మానేసి మరీ యజమానితో వాదించిందని ఆ పేరు పడింది. ఊడుస్తున్నంతసేపూ ఆవిడ నోరు ఆగేది కాదు.

"ఉత్తమ, అత్యుత్తమ, నంబర్ వన్, విశ్వసనీయ... ఇదిగో, మళ్లీ విశ్వసనీయ! చీపురుకి కూడా సిగ్గేస్తోంది."

"మెల్లగా మేడమ్, సార్ వస్తున్నారు," అనేవాడు డిజైనర్.

సార్ అంటే యజమాని. ఎదురుపడ్డ ప్రతివాళ్లనీ "సెర్చ్‌లో మన ర్యాంకు ఎంత?" అని అడుగుతాడు కాబట్టి వెనకాల అందరూ ఆయన్ని ర్యాంకు సార్ అనేవాళ్లు. ఆ రోజు ఆయన లోపలికొస్తూనే కామా మేడమ్ బల్ల మీద ఒక కాగితం పెట్టాడు.

"చెవి మిషన్ల షాపు. సెర్చ్‌లో అందరికంటే పైన కనపడాలట. 'తక్కువ ధరలో మంచి చెవి మిషన్' అన్న మాట ప్రతి పేరాలోనూ పడాలి. పడిందా లేదా అని నేనే చూస్తాను."

చెవి మిషన్ అనేసరికి ఆవిడకి ఒళ్లు మండింది. కారణం ఇంట్లోనే ఉంది.

కామా మేడమ్ వాళ్లమ్మకి ఎడమ చెవి వినపడదు. పుట్టుకతో వచ్చింది కాదు. ఒక పొద్దున నిద్ర లేచేసరికి ఆ చెవి తలుపేసినట్టు మూసుకుపోయింది. స్నానంలో నీళ్లు పోయాయేమో అనుకుందామె. కూతుర్ని కంగారు పెట్టడమెందుకని ఫోన్లో తనే వెతుక్కుంది. అన్నిటికంటే పైనున్న పేజీ తెరిస్తే, చెవి మిషన్, చెవి మిషన్ అని అదే మాట పై నుంచి కింది దాకా ఉంది. అక్కడా సగం మాటలు రాలి ఆమె ఒళ్లో పడ్డాయి. చీర దులుపుకుని మిషన్ తెప్పించుకుంది. అది పెట్టుకుని, ఇవాళ కాకపోతే రేపు వినపడుతుందని నెల రోజులు ఎదురుచూసింది. చివరికి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన తల పట్టుకున్నాడు. "ఉన్నట్టుండి చెవి పోతే ఆ రోజే రావాలమ్మా. మందుంది. ఇప్పుడు నేను చేసేదేం లేదు," అన్నాడు.

అప్పటినుంచీ కామా మేడమ్ అమ్మకి కుడిపక్కనే కూర్చుంటుంది. ఆ సాయంత్రం కూడా అలాగే కూర్చుని అడిగింది.

"అమ్మా, చెవి మిషన్ కొనేముందు నీకు ఏమేం తెలుసుకోవాలనిపించింది?"

అమ్మ వేళ్లు మడిచి లెక్కపెట్టింది. "ఈల వేస్తుందా అని. గుంపులో మాటలు విడివిడిగా తెలుస్తాయా అని. నచ్చకపోతే వెనక్కి తీసుకుంటారా అని. అసలు..." కూతురి వైపు తిరిగింది. "అసలు నాకు కావాల్సింది మిషనేనా అని. అది మాత్రం ఎక్కడా రాయలేదే."

కామా మేడమ్ ఆ ప్రశ్నల్నే పేజీగా రాసింది. మనిషి ఏ మాటలతో వెతుకుతాడో ఆ మాటలే శీర్షికలయ్యాయి. ఒక్కో ప్రశ్న కింద, ఎదురుగా కూర్చున్నవాళ్లకి చెప్పినట్టు సూటిగా జవాబు రాసింది. 'తక్కువ ధరలో మంచి చెవి మిషన్' అన్నది ఎక్కడ సహజంగా వస్తుందో అక్కడ పెట్టింది. చివర్లో ఇలా రాసింది: "నిన్నటిదాకా బాగా వినపడి, ఉన్నట్టుండి ఒక చెవి మూసుకుపోతే మిషన్ కొనకండి, ఇవాళే చెవి డాక్టర్ దగ్గరికి వెళ్లండి, ఆలస్యమైతే ఆ వినికిడి తిరిగి రాకపోవచ్చు."

ర్యాంకు సార్ అది చదివి కళ్లజోడు తీసేశాడు.

"ఏంటమ్మా ఇది? అమ్మేవాడి పేజీలో కొనొద్దని రాస్తావా?"

"అందరినీ కాదు సార్. కొనకూడనివాళ్లని."

"సెర్చ్ ఇంజన్‌కి ఇవన్నీ అక్కర్లేదు. దానికి కీవర్డ్ కావాలి, ఆ ఒక్క మాటే పదేపదే."

"సెర్చ్ ఇంజన్ ఏమైనా మనకి బావగారా సార్, ఎదురెళ్లి మర్యాదలు చెయ్యడానికి? మనిషి అడిగినదానికి జవాబు ఎక్కడుందా అని వెతకడమే దాని పని. వచ్చినవాళ్లు రెండు ముక్కలు చూసి విసుక్కుని వెళ్లిపోతే అది కనిపెట్టదా? మనుషులు కూర్చుని చదివే పేజీ రాస్తే అదే పైకి తీసుకెళ్తుంది."

"నాకు పాఠాలు చెప్పకు."

"పాఠం కాదు సార్, మనిషి చెవి! పోతే కొనుక్కోవడానికి దొరకదు!"

ఆఫీసంతా తల వంచుకుంది. ర్యాంకు సార్ ఆవిడ కుర్చీని పక్కకి జరిపి, తనే కీబోర్డు ముందు కూర్చున్నాడు. ప్రశ్నలు తీసేశాడు. చివరి వాక్యం తీసేశాడు. ప్రతి పేరాలోనూ ఆ ఒక్క మాటే కుక్కి, పేజీని వెబ్‌సైట్‌లో పెట్టించాడు. కామా మేడమ్ పళ్లు నూరుతూ నిలబడింది. ఆ రోజు టీ కూడా తాగలేదు.

మర్నాడు వచ్చి చూస్తే నేల మీద కాలు పెట్టే చోటు లేదు. ఇరికించిన మాటలన్నీ రాలిపోయి పేజీ బోసిగా ఉంది. దాని మధ్యలో, తీసేసిన ఆ చివరి వాక్యం మాత్రం నల్లగా, నిండుగా, తన చోటికి తాను వచ్చి కూర్చుంది.

డిజైనర్ దాన్ని తీసేశాడు. మళ్లీ వచ్చింది. ఇంకోసారి తీసేశాడు. టీ తెచ్చుకుని వచ్చేలోపు మళ్లీ ఉంది.

"ఊడట్లేదు సార్," అన్నాడు, చొక్కా మీద సిరా మరక గురించి చెప్పినట్టు.

"అక్షరాలకి తెల్ల రంగు వెయ్. తెలుపు మీద తెలుపు, ఎవరికీ కనపడదు."

వేశాడు. మధ్యాహ్నానికల్లా వాక్యం మళ్లీ నల్లబడింది. రాలిన మాటల్ని సార్ ఎన్నిసార్లు నింపించినా అవి రాలుతూనే ఉన్నాయి, ఆ వాక్యం నిలబడే ఉంది. విసిగిపోయి, ఖాళీలు పూడ్చడానికి కామా మేడమ్ రాసిన ప్రశ్నలూ జవాబులే తిరిగి పెట్టమన్నాడు. అవి పెట్టాక ఒక్క అక్షరం కూడా కదల్లేదు.

ఆ వారంలోనే చెవి మిషన్ల షాపాయన మెట్లెక్కి వచ్చాడు. ముఖం కందగడ్డలా ఉంది.

"ఇవాళ షాపులో ఒకావిడ తన వంతు కోసం కూర్చుంది. ఫోన్లో నా పేజీనే చదువుకుంటోంది. చదివీ చదివీ గభాలున లేచి, సంచీ తీసుకుని ఆసుపత్రికి పోయింది! నా షాపులో, నా కుర్చీలో కూర్చుని, నా పేజీ చదివి!"

"ఆవిడకి చెవి ఎప్పుడు పోయిందటండీ?" అని అడిగింది కామా మేడమ్.

"నాకేం తెలుసు? నిన్న పోయిందంటోంది."

"నిన్న పోయిందని చెప్పినా మీరు మిషన్ అమ్మేవాళ్లేనా?"

ఆయన రుమాలు తీసి ముఖం తుడుచుకున్నాడు. ఆవిడ ఊరుకోలేదు. "మా అమ్మకి కూడా మీలాంటివాళ్లే ఎవరో అమ్మారండీ. అడగలేదు. చెప్పలేదు. డబ్బాలో పెట్టి పంపించారు. చెప్పడానికి ఒక్క వాక్యం చాలు, ఒక్కటంటే ఒక్కటి! దానికి కూడా మీ పేజీలో చోటు లేదా?"

షాపాయన చల్లబడలేదు. ర్యాంకు సార్‌నీ తిట్టి దిగి వెళ్లిపోయాడు. సార్ ఆవిడ వైపు వేలు చూపించాడు. "దీని మీద ఏ గొడవొచ్చినా నీ నెత్తినే. అర్థమైందా?"

పేజీ మాత్రం పైకి పాకడం మొదలుపెట్టింది. చదివినవాళ్లు చివరిదాకా చదివారు. అత్తలకి, మామలకి, ఆఫీసు స్నేహితులకి పంపుకున్నారు. సెర్చ్‌లో ఎక్కడో అడుగునున్నది మొదటి వరసలోకి వచ్చింది. షాపులో జనం పెరిగారు, షాపాయన మళ్లీ మెట్లెక్కలేదు. ర్యాంకు సార్ కొత్తగా వచ్చేవాళ్లకి ఆ పేజీ చూపించి "మా పనితనం" అనేవాడు. చూపించేటప్పుడు చివరి వాక్యం మీద అరచెయ్యి ఆనించి పెట్టేవాడు.

కొన్ని వారాలయ్యాక ఒక మధ్యాహ్నం, ఒక నడివయసు ఆవిడ ఆఫీసు గుమ్మంలో నిలబడింది. భుజాన బరువైన సంచీ, అందులోంచి తొంగిచూస్తున్న స్క్రూడ్రైవర్లు, వేళ్లకి నూనె మరకలు. కుట్టుమిషన్లు బాగుచేస్తానని చెప్పింది.

"చెవి మిషన్ల పేజీ మీరు రాసిందేనట కదండీ. షాపులో చెప్పారు. చివర్లో డాక్టర్ దగ్గరికి వెళ్లమని ఉంది చూడండి, ఆ ముక్క రాసినవాళ్లని కలవాలి."

డిజైనర్ ఆవిణ్ణి గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చోబెట్టాడు. కింద టైర్ల షాపులో గాలి మిషన్ బుసకొడుతోంది. గది ఆ చివర, అద్దాల అర వెనకాల, ర్యాంకు సార్ కామా మేడమ్ దగ్గరికి వంగి గుసగుసగా అన్నాడు.

"ఏదో గొడవకే వచ్చినట్టుంది. ఆ వాక్యం మా ఆఫీసుది కాదని చెప్పి పంపించెయ్."

"మీది కాదా?" గుమ్మం దగ్గర్నుంచి కుట్టుమిషన్ల ఆవిడ అడిగింది. "మరి ఎవరిదండీ?"

సార్ ముఖంలో రక్తం చుక్క లేదు. కామా మేడమ్ లేచి గదికి అడ్డంగా నడుచుకుంటూ వచ్చింది.

"నాదండీ," అంది.

ఆవిడ చటుక్కున కామా మేడమ్ రెండు చేతులూ పట్టుకుంది. "ఇదమ్మా ఆ చెవి," అని తల తిప్పి కుడిచెవి చూపించింది. "కుట్టుమిషన్ తిప్పి చప్పుడు వింటేనే దాని జబ్బెక్కడుందో నాకు తెలిసేది. ఒక పొద్దున కుడిపక్క ఏమీ లేదు. నీళ్లు పోయాయనుకున్నా. నువ్వు 'ఇవాళే వెళ్లండి' అన్నావని ఆ కుర్చీలోంచి అటే పోయాను. డాక్టరు మందిచ్చి, మంచి సమయానికి వచ్చావన్నాడు. రోజుకి కాస్త కాస్త తిరిగొచ్చింది. మునుపటంత లేదనుకో, నా పనికి చాలు."

నీళ్లు పోయాయనుకున్నా అన్న మాట దగ్గరే కామా మేడమ్ కళ్లు తడిశాయి. అమ్మ కోసం ఆ ఒక్క ముక్క ఎవరూ ఎందుకు రాయలేదన్న కోపం మళ్లీ పొంగింది. ఆవిడ చేతులు వదల్లేదు.

అప్పటికి తేరుకున్న ర్యాంకు సార్ నవ్వు పులుముకుని అర దాటి వచ్చాడు.

"చూశారా అమ్మా, మా ఆఫీసు రాతలంటే అలా ఉంటాయి."

కామా మేడమ్ ఆయన వైపు తిరిగింది. "ఆ వాక్యం ఆఫీసుది కాదు సార్. ఇందాక మీరే అన్నారు."

"అవునండీ," అంది కుట్టుమిషన్ల ఆవిడ, "నేను కూడా విన్నాను."