రెండు చక్రాలూ ఫ్రీ

పల్నాడు మొత్తం మీద ఫోర్ బై ఫోర్ జీపు గురించి పూర్తిగా తెలిసినోళ్లు ఇద్దరేననీ, వాళ్లలో ఒకాయన కాలం చేశాడనీ విశాల్ అందరికీ చెప్పుకునేవాడు. కొండవీడు కొండని రివర్సులో ఎక్కించాననీ, దిగేటప్పుడు కాస్త కునుకు కూడా తీశాననీ అనేవాడు. నరసరావుపేట జీపుల క్లబ్బులో పదకొండు మందీ నమ్మలేదు. కాకపోతే పక్క సీట్లో కూర్చుని దారి చెప్పడానికి వేరే ఎవరూ రాకపోయేసరికి, డిసెంబరులో జరిగే బురద పోటీకి ఫరా అతన్నే ఎక్కించుకుంది.

రాజుపాలెం అవతల, పత్తి పీకేసిన చేలో పోటీ. వారం కింద తుపాను కురిసిపోయింది. నల్లరేగడి. పైకి ఆరినట్టే ఉంటది, అడుగేస్తే చెప్పు ఉంచేసుకుని కాలు మాత్రం తిరిగిస్తది.

జీపు ఫరా వాళ్ల నాన్న అలీ సాహెబ్‌ది. మెకానిక్కు. తాళం ఇస్తా ఒక్కటే మాటన్నాడు.

"ఇరుక్కోకుండా బయటికొస్తే జీపు నీది. ఇరుక్కుందా, ఇంక స్టీరింగ్ జోలికి రామాకు."

ఫరా ఈ రోజు కోసం రెండేళ్లుగా బతిమాలుతా ఉంది. సరేనంది.

జెండా ఊపారు. మొదటి రెండు గట్లూ బాగానే దాటింది. చివర్లో గుంట.

"ఫోర్ వేస్తన్నా రా, ఇంక నాలుగు చక్రాలూ లాగుతయ్."

"వెయ్యక్కా! లేడిపిల్లలాగా దూకుద్ది చూడు!"

దూకలా. వెనక చక్రాలు గింగిరాలు తిరిగి బురదంతా క్లబ్బు మీద చల్లాయి. ముందు చక్రాలు మాత్రం అత్తారింటికొచ్చిన కొత్తల్లుడిలా కదలకుండా కూర్చున్నాయి. ఫరా ఎంత తొక్కితే జీపు అంత దిగింది.

మైకులో, "ఇంకా మూడు నిమిషాలు" అన్నారు. క్లబ్బు మొత్తం దిగి తోసింది. ప్రెసిడెంటు బసవపున్నయ్య కొత్త బూటు లోపలికి పోయింది. ఇంకో రెండువేల ఏళ్లకి తవ్వకాల్లో బయటపడితే అమరావతి మ్యూజియంలో పెడతారేమో, అప్పటిదాకా దొరకదు. తోసేవాళ్లు మోకాళ్ల దాకా దిగారు గానీ జీపు జానెడు కూడా కదల్లేదు. ఈల వేశారు. అయిపోయింది.

ట్రాక్టరు గొలుసు కట్టి లాగితే ఎడం పక్క ముందు చక్రం ఒక్కటే పైకొచ్చింది. గట్టు మీద నుంచి చూస్తన్న అలీ సాహెబ్ దిగొచ్చి తువ్వాలుతో మట్టి తుడిచాడు. రెండో ముందు చక్రానికి ఉన్నట్టే, ఆ చక్రం మధ్యలో చేత్తో తిప్పే బిళ్ల ఒకటుంది. 'లాక్' వైపు ఉంటేనే ముందు చక్రానికి ఇంజను బలం అందేది. అది 'ఫ్రీ' వైపు ఉంది.

"ఏందమ్మా ఇది?"

"పొద్దున్నే లాక్‌లో పెట్టా నాన్నా. నా చేత్తోనే పెట్టా."

"పెడితే ఇట్టెందుకుంటది? తాళం ఇటియ్యి."

ఫరా బురద చేతిని ప్యాంటుకి తుడుచుకుని తాళం ఇచ్చేసింది. చానాసేపు ఆ ఖాళీ చేతినే చూసుకుంటా నిలబడింది.

విశాల్‌కి ఏదో ఒకటి అనాలనిపించి అన్నాడు.

"గతుకులకి తిరిగుంటది బాబాయ్. రెండు బిళ్లలూ ఒకేసారి తిరుగుతుంటయ్ అప్పుడప్పుడూ."

అలీ సాహెబ్ నెమ్మదిగా లేచాడు.

"రెండోది ఇంకా బురదలోనే ఉంది కదరా. అది కూడా ఫ్రీలో ఉందని నీకెవరు చెప్పారు?"

విశాల్ కుడి పక్క చక్రం వైపు చూశాడు. అది నిజంగానే కనపడట్లా.

"అక్క టీకి పోయినప్పుడు... చక్రం ఫ్రీగా ఉంటేనే కదా బాగా తిరిగేదని... రెండూ నేనే తిప్పా బాబాయ్. అక్క లాక్‌లోనే పెట్టింది. నాకు జీపు గురించి ఏమీ తెలవదు. సైకిలు కూడా సరిగ్గా రాదు."

అలీ సాహెబ్ తాళం తీసి ఫరా చేతిలో పెట్టాడు. తర్వాత విశాల్ వైపు తిరిగాడు.

"ఇంకేమన్నా తిప్పావా?"

"డీజిలు ట్యాంకు మూత బాబాయ్," అన్నాడు విశాల్. "ఎక్కడ పెట్టానో గుర్తు రావట్లా."