పటంలో సున్నం కొట్టిన మూల

ఎంబా వగియెం, అంటే వగియెం అవ్వ, బడి గేటు దగ్గర పెచెల్ అమ్మేది. ఉడికిన ఆకుకూర, మీద వేరుశనగ పచ్చడి, టేకాకులో పొట్లం. ఆ జావా ఊళ్లో అరటాకుకు కరువు లేదు. కానీ టేకాకు పేరు చెబితే రోజూ తెల్లారగానే అడవికి పోవచ్చు. ఎందుకు పోతున్నావని ఎవరూ అడగరు.

అడవిలో వాగు మలుపు దగ్గర ఆమె మొగుడు సుకార్దీ ఉన్నాడు. సమాధి లేదు. చెరకు కూలీల సంఘంలో పేరుందని, కమ్యూనిస్టని సైనికులు లారీ ఎక్కించుకుపోయారు. ఇంకా కొందరితో కలిపి చంపి ఆ మలుపులోనే పూడ్చేశారు. అప్పటికి ఆమెది పడుచు వయసు.

ఉపవాసాల నెలకు ముందు ఊరంతా శ్మశానానికి పోతుంది. సమాధులు కడిగి, పూలు చల్లి, అక్కడే కలిసి అన్నం తింటారు. వగియెం గంపలో అడుగున పూలు, పైన ఆకులు పెట్టుకుని అడవికి పోయేది. ఊరికి తెలుసు. నోరెత్తేవాళ్లు లేరు. అట్లా ఆమె తల నెరిసింది.

హాదీ ఆమె చేతి తిండి తిని పెరిగినవాడు. చిన్నప్పుడు ఆమె బల్ల మీద కూచుని సాంఘికశాస్త్రం బట్టీ పట్టేవాడు. సుకార్దీలాంటి వాళ్లు దేశద్రోహులని అందులో ఉండేది. వాడు గట్టిగా చదివేవాడు. ఆమె పచ్చడి ఇంకాస్త గట్టిగా నూరేది. అంతే.

పెద్దయ్యాక అదే బడికి మాస్టరుగా వచ్చాడు. ఊరంతా పా గురు అని మర్యాదగా పిలిచినా, ఆమెకు మాత్రం ఒరే హాదీయే.

ఒకరోజు కొత్త పుస్తకం చేత్తో పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు.

"ఎంబా, పాఠాలు మారినయ్! బట్టీ పట్టించొద్దంట. ఏ బడి పాఠం ఆ బడే రాసుకోవచ్చంట. ఇదిగో, ద్రోహులన్న మాటే లేదు చూడు."

"నాకు చదువొచ్చా చూడ్డానికి?"

పక్కన తింటున్న రిక్షా పార్మిన్ నవ్వాడు. "కొత్త మంత్రి రాంగానే ముందు కుర్చీ మారుస్తాడు, తర్వాత పిల్లల పుస్తకం. మరీ ఎగరమాక పా గురూ, ఇంకో మంత్రి రాకపోడు."

"నువ్వు తినవయ్యా! ఎంబా, పిల్లలు బడి గోడ మీద ఊరి పటం గీస్తారు. చక్కెర మిల్లు, సంత, మసీదు, వంతెన. నువ్వా మలుపు చూపించు. అదీ పెడదాం."

ఆమె చేతిలో పొత్రం ఆగింది.

"వద్దురా."

"భయమెందుకే? పుస్తకమే మారిందంటే సర్కారు మనసు మారినట్టే కదా."

"రేపెవడన్నా వచ్చి అడిగితే?"

"నేను లేనా? నువ్వు నోరు తెరవక్కర్లేదు. నేను చెప్తా."

వాడి మాట నమ్మింది.

పిల్లల్ని వెంటేసుకుని పోయింది. గంపలో ఈసారి పూలు పైన, ఆకులు అడుగున. మలుపు దగ్గర పిల్లలు చెప్పమనకుండానే చెప్పులు విడిచారు. ఆమె పూలు చల్లింది. ఏడుస్తానేమో అనుకుంది గానీ ఏడుపు రాలేదు, ఆకలేసింది. శ్మశానంలో అందరూ తిన్నట్టే పిల్లలతో కలిసి అక్కడ కూచుని తిన్నది.

గోడ మీద పటం లేచింది. వాగు మలుపులో చిన్న తెల్లపువ్వు, పక్కన సుకార్దీ పేరు. చదువు రాకపోయినా ఆ అక్షరాలు ఎక్కడున్నాయో ఆమెకు తెలుసు. బల్లను కాస్త జరిపి, కూచుంటే అవి కనబడేట్టు వేసుకుంది.

ఆ సంవత్సరం తిరగలేదు, పై నుంచి ఉత్తర్వు వచ్చింది. ఆ పుస్తకాలు తప్పంట, వెనక్కి పంపాలంట. ద్రోహులన్న మాట మళ్లీ పెట్టాలంట. పుస్తకాలతో పాటు గోడ సంగతీ బయటికొచ్చింది. బళ్లో మీటింగు పెట్టారు. జిల్లా నుంచి అధికారి వచ్చాడు. మీటింగుకు పెచెల్ తెమ్మని చెప్పారు. వగియెం పొట్లాలు మోసుకుని తలుపు దగ్గరికి వచ్చేసరికి లోపల అధికారి అడుగుతున్నాడు.

"ఈ పువ్వు ఎవరు పెట్టించారు?"

ఆమె తలుపు పక్కన ఆగింది. హాదీ చెప్తాడు.

హాదీ చెప్పాడు. "గేటు దగ్గర ఒక ముసలావిడ ఉందండి. మతి తప్పింది. ఏదేదో చెబితే పిల్లలు నిజమనుకున్నారు. నేను చూసుకోలేదు."

లోపల ఎవరో నవ్వారు. ఆమె పొట్లాలు గడప మీద పెట్టి వెళ్లిపోయింది.

మర్నాడు హాదీయే బ్రష్షు పట్టుకుని సున్నం కొట్టాడు. మిల్లు ఉంది, సంత ఉంది, వంతెన ఉంది. ఆ మూల ఒక్కటే తెల్లగా అయింది. పని అయ్యాక బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఎంబా, నా ఉద్యోగం..."

"పొట్లం కావాలా, పా గురూ?"

పుట్టి బుద్ధెరిగాక ఆమె నోట ఆ పిలుపు వాడు వినలేదు. నిలబడి నిలబడి పోయాడు.

ఉద్యోగం మాట ఆమెకూ తెలుసు. దాన్ని మన్నించేదేమో. కానీ ఆ నెలలోనే అటవీ శాఖ వాళ్లు మలుపు చుట్టూ ముళ్లకంచె వేశారు. ఎవరూ చూడనట్టు ఊరుకున్నంత కాలం ఆమెకు దారి ఉండేది. పటంలోకి ఎక్కాక అందరూ చూశారు. గంపతో పోతే కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. "ఆకులు ఇంకోచోట కోసుకో అవ్వా." నలభై ఏళ్లు ఎవరూ ఆపని దారి అది. మర్నాటి నుంచి పెచెల్ అరటాకులో కట్టింది.

ఏళ్లు గడిచాయి. పాఠాలు మళ్లీ మారాయి, ఆ తర్వాత ఇంకోసారి మారాయి. పార్మిన్ పోయాడు. హాదీ హెడ్‌మాస్టరయ్యాడు, తల నెరిసింది. ఒకనాడు పొద్దున పిల్లల్ని వెంటబెట్టుకుని బల్ల దగ్గరికి వచ్చాడు.

"ఎంబా, కొత్త పద్ధతి వచ్చింది. పిల్లలు పెద్దవాళ్ల దగ్గర కూచుని ఊరి కథ వినాలంట. ఈసారి నిజంగానే..."

"కూచోండమ్మా," అంది ఆమె పిల్లలతో. పొట్లాలు కట్టడం మొదలుపెట్టింది. "నువ్వు రతిహ్ కూతురివి, మీ అమ్మలాగే చిక్కుడు తీసేస్తావు. నీకు కారం వద్దు, మీ తాతకూ పడేది కాదు. పా గురుకు కారం ఎక్కువ, మొలకలు తక్కువ."

రతిహ్ కూతురు పెన్ను తీసింది. "ఎంబా, మీ ఆయన ఏం చేసేవారు?"

వగియెం హాదీ వైపు చూసింది. వాడు చెప్తాడేమోనని చాలాసేపే చూసింది. వాడు చెప్పుల వైపు చూస్తూ ఉండిపోయాడు.

"ఏమోనమ్మా," అంది ఆమె, వాడి చేతిలో పొట్లం పెడుతూ. "నాకు మతి లేదు. పా గురునే అడగండి."